పరదేశి నాటిన చెట్టు



మార్చి చివరి ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు జరిగేసరికి స్టీవెనేజ్‌లో మన ఇళ్ళ వెనక తలుపులు తెరుచుకుంటాయి. చలికాలమంతా తడిసి, పాచి పట్టి, ఎవరూ అడుగు పెట్టని పెరటిని అప్పుడు చూస్తాం. ఆరాధన అయ్యాక టీ తాగుతూ మాట్లాడుకునే మాటల్లో పిల్లల స్కూళ్ళు, వీసాలు, మార్ట్‌గేజ్ రేట్లతో పాటు పెరడు కూడా చేరుతుంది. స్లాబులు పరిపించేస్తే బురద గోల ఉండదని ఒకరంటారు. గులాబీలు, డాలియాలు ఉంటే ఇంటికి కళ వస్తుందని మరొకరు. గోంగూర మడి లేనిది పెరడే కాదని ఇంకొకరు. ఈమధ్య మరో మాట కూడా వినిపిస్తోంది. అది ఎక్కువగా పిల్లలు స్కూలు నుంచి తెస్తున్న మాట: ఈ దేశపు మొక్కలే నాటాలి, తేనెటీగలకు అవే మేలు, బయటినుంచి వచ్చినవి హాని చేస్తాయి.

ఈ చివరి మాట మనకు ఎక్కడో కొంచెం గుచ్చుకుంటుంది. నేటివ్, నాన్ నేటివ్, ఇన్వేసివ్ అనే మాటలు మొక్కల గురించి విన్నా, మనుషుల గురించి వార్తల్లో వినే మాటలు గుర్తొస్తాయి. మనమూ బయటినుంచి వచ్చినవాళ్ళమే కదా. అందుకే పెరట్లో ఏం నాటాలన్నది గార్డెన్ సెంటర్లో తేలిపోయే విషయం కాదనిపిస్తుంది. దీనిలో మూడు ప్రశ్నలున్నాయి. తినడానికి పనికిరాని మొక్కను అందం కోసమే నాటడం సబబేనా? పరాయి నేలలో మన ఊరి మొక్కను నాటే హక్కు మనకుందా? అసలు రేపు ఎక్కడ ఉంటామో తెలియని మనం ఈ నేలలో చెట్టు నాటడంలో అర్థముందా? వాక్యపు వెలుగులో వీటిని ఒక్కొక్కటిగా ఆలోచిద్దాం.

ముందు మనం నిలబడిన నేలను చూద్దాం. స్టీవెనేజ్ పాత ఊరే అయినా, ఇప్పుడున్న పట్టణం చాలా భాగం వలస వచ్చినవాళ్ళ కోసం కట్టినది. యుద్ధంలో లండన్ దెబ్బతిని, ఇళ్ళు లేక జనం ఇరుకుల్లో బతుకుతున్న రోజుల్లో, 1946లో కొత్త పట్టణాల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ప్రకటించిన మొట్టమొదటి పట్టణం ఇదే. తేదీ 1946 నవంబర్ 11. ఆరు వేల పైచిలుకు మంది ఉన్న ఊరిని అరవై వేల మందికి పెంచాలన్నది పథకం. ఊరివాళ్ళు ఊరుకోలేదు. మంత్రి లూయిస్ సిల్కిన్ వచ్చినప్పుడు గేలి చేశారు, రైల్వే స్టేషన్ పేరు పలకల మీద 'సిల్కిన్‌గ్రాడ్' అని అతికించారు. వ్యాజ్యం 1947లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళి ఓడిపోయింది.

రచయిత ఇ.ఎమ్. ఫార్‌స్టర్ చిన్నతనంలో పదేళ్ళు ఈ ఊరి శివార్లలో రూక్స్ నెస్ట్ అనే ఇంట్లో పెరిగాడు. 1910లో వచ్చిన 'హోవర్డ్స్ ఎండ్' నవలకు ఆ ఇల్లే మూలం. జనానికి ఇళ్ళు కావాలని ఒప్పుకుంటూనే, తాను ప్రేమించిన పొలాలు పోతున్నాయని ఆయన రేడియోలో బాధపడ్డాడు. ఆయన నవలలో ఒక పెద్దావిడ తన ఇంటిని, తోటను కన్నబిడ్డలకు కాకుండా, వాటి విలువ తెలిసిన ఒక పరాయి స్త్రీకి రాసిపోతుంది. నేల ఎవరిది? పుట్టినవాళ్ళదా, దాన్ని ప్రేమించి చూసుకునేవాళ్ళదా? మన పెరటి ప్రశ్న కూడా ఇదే.

లండన్ నుంచి వచ్చిన ఆ కుటుంబాల్లో చాలామందికి సొంత తోట అదే మొదటిసారి. బెడ్‌వెల్‌లో, బ్రాడ్‌వాటర్‌లో, షెఫాల్‌లో వాళ్ళు నాటిన చెట్లు కొన్ని ఇప్పుడు మన కిటికీల్లోంచి కనిపిస్తున్నాయి. ఒకప్పుడు ఊరివాళ్ళ దృష్టిలో వాళ్ళు పరాయివాళ్ళు. ఇప్పుడు ఈ ఊరి పాతకాపులు వాళ్ళే.

అందం కోసమే నాటడం వృథా అని మనలో చాలామందికి లోలోపల ఒక నమ్మకం ఉంటుంది. కష్టపడి పైకొచ్చిన కుటుంబాల్లో అది సహజం. కానీ ఆదికాండము 2:9 జాగ్రత్తగా చదవండి. దేవుడు ఏదెనులో మొలిపించిన చెట్లకు రెండు గుణాలు చెప్తుంది. కంటికి ఇంపుగా ఉండడం మొదటిది, తిండికి పనికిరావడం రెండోది. ఆకలి తీరాక మిగిలిన స్థలంలో అందం పెట్టలేదు దేవుడు. రెంటినీ ఒకే నేలలో, ఒకే రోజు మొలిపించాడు. ఆ తరువాత నరునికి ఇచ్చిన పనులు కూడా రెండే: సాగు చేయడం, కాపాడడం (ఆదికాండము 2:15). సాగు అంటే ఆ నేల నుంచి మనం తీసుకునేది. కాపాడడమంటే దానికి మనం తిరిగి చేసేది. మొదటిది చేసి రెండోది మరచినవాడు గృహనిర్వాహకుడు కాదు, కౌలు ఎగ్గొట్టే రైతు.

తోట వేయడంలో ఒక ప్రమాదం ఉందని కూడా వాక్యం చెప్తుంది. ప్రసంగి రెండో అధ్యాయంలో సొలొమోను తన పనుల చిట్టా విప్పుతాడు. ఇళ్ళు, ద్రాక్షతోటలు, శృంగారవనాలు, రకరకాల ఫలవృక్షాలు, వాటికి నీళ్ళు పారించే చెరువులు. గొప్ప పట్టికే. కానీ పని పనికీ ముందు ఒక మాట వస్తూనే ఉంటుంది: నాకొరకు, నాకొరకు. చివరికి ఆయనకు మిగిలింది వ్యర్థమనే మాటే. చెట్లలో దోషం లేదు. ఆ తోటకు ఒక్కడే యజమాని, ఒక్కడే అతిథి. మన ప్రభువు ఆ సొలొమోను వైభవాన్ని ఎత్తినప్పుడు దాని పక్కన దేన్ని నిలబెట్టాడు? ఎవరూ విత్తని, ఎవరూ కొనని, మర్నాడు పొయ్యిలోకి పోయే పొలం గడ్డిపూలను (మత్తయి 6:28-30). ఆ నేలలో తమంతట తాము మొలిచే పూలవి. మనం కలుపు అని పీకి పారేసేలాంటివి.

ఇక్కడే నేటివ్ మొక్కల మాట మొదలవుతుంది. ఒక నేలలో వేల ఏళ్ళుగా పెరిగిన మొక్కకు, అక్కడి పురుగుకు, పిట్టకు మధ్య ఒక బాంధవ్యం ఏర్పడుతుంది. ప్రతి ఆకులోనూ పురుగును తరిమే ఏదో ఒక చేదు ఉంటుంది. ఆ చేదును అరిగించుకోవడం తరతరాలుగా నేర్చుకున్న పురుగే దాన్ని తినగలదు. ఇక్కడ వసంతంలో మొదట కనిపించే పసుపు సీతాకోకచిలుక బ్రిమ్‌స్టోన్ సంగతి చూడండి. దాని గొంగళిపురుగు తినేది రెండే రెండు మొక్కల ఆకులు: బక్‌థార్న్, ఆల్డర్ బక్‌థార్న్. ఆ మొక్కలు లేని వీధిలో ఎన్ని ఖరీదైన పూలున్నా ఆ సీతాకోకచిలుకకు సంతానం లేదు. బ్లూ టిట్ అనే చిన్న పిట్ట తన పిల్లలకు రోజుకు వందలకొద్దీ గొంగళిపురుగులు తెచ్చి పెట్టాలి. మచ్చ లేని నున్నటి ఆకులతో మెరిసే తోట మనకు ముచ్చటగానే ఉంటుంది. ఆ తల్లిపిట్టకు మాత్రం అది ఖాళీ వంటగది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన సామెత. దగ్గర ఉన్నదాని విలువ తెలియదని దాని అర్థం. ఇంగ్లండ్‌లోనూ అంతే. హాథార్న్, హాలీ, డాగ్ రోజ్, ఐవీ ఇక్కడ కంచెల్లో దొరికే మామూలు మొక్కలు. వీటి పూలకు తేనెటీగలు, పండ్లకు పిట్టలు వస్తాయి. అన్ని పూలూ అయిపోయిన అక్టోబరులో ఐవీ పూస్తుంది. గోడ పాడుచేస్తుందని మనం పీకేసే ఆ తీగే చలికాలం ముందు ఎన్నో పురుగులకు చివరి భోజనం.

అలాగని పుట్టిన దేశమే కొలమానం అనుకుంటే మనకు మనమే నవ్వులపాలవుతాం. ఆంధ్రమాత అని మనం పిలుచుకునే గోంగూర పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞులు చెప్తారు. మిరపకాయ అమెరికా ఖండం నుంచి వచ్చింది. పండక్కి గుమ్మానికి కట్టే బంతిపూలు మెక్సికో వైపు నుంచి వచ్చాయి. మన ఊళ్ళలో చర్చి కాంపౌండు అనగానే గుర్తొచ్చే కాగితంపూల చెట్టు దక్షిణ అమెరికాది. ఇంగ్లిష్‌వాళ్ళకూ ఇదే కథ. ఇక్కడి పార్కుల్లో పిల్లలు కాయలు ఏరుకునే హార్స్ చెస్ట్‌నట్ బాల్కన్ ప్రాంతం నుంచి వచ్చింది, ఆపిల్ పూర్వీకులు మధ్య ఆసియావి. మొక్కలు మనుషులకంటే ఎక్కువ ప్రయాణాలు చేశాయి.

పుట్టుకనే కొలమానంగా పట్టుకున్నవాళ్ళు ఎక్కడికి చేరారో చరిత్రలో ఉంది. హిట్లర్ కాలపు జర్మనీలో 1942లో కొందరు వృక్షశాస్త్రజ్ఞులు అడవుల్లోకి చొరబడిన ఒక చిన్న విదేశీ మొక్కను నిర్మూలించాలని పిలుపునిస్తూ, దాన్ని బోల్షెవిజం మీద చేస్తున్న యుద్ధంతో పోల్చారు. మొక్కల భాష మనుషుల మీదికి, మనుషుల ద్వేషం మొక్కల మీదికి ఎంత తేలిగ్గా పాకుతుందో చూడండి. కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. మనిషి ఒక జాతి మొక్క కాదు. స్టీవెనేజ్‌లో పుట్టినవాడూ గుంటూరులో పుట్టినవాడూ దేవుని స్వరూపమందే చేయబడ్డారు. ఇన్వేసివ్ అనే మాట ఏ మనిషికీ వర్తించదు. మన పిల్లలు స్కూల్లో ఆ మాట విన్నప్పుడు ఈ తేడా ఇంట్లో మనమే చెప్పాలి.

మరి మొక్కల విషయంలో ఆ మాటకు అర్థం లేదా? ఉంది. హిమాలయన్ బాల్సమ్ అనే మొక్కను 1839లో అందమైన గులాబీరంగు పూల కోసం మన హిమాలయాల నుంచి ఇక్కడి తోటలకు తెచ్చారు. సొంత కొండల్లో దాన్ని తినే పురుగులున్నాయి, అదుపు చేసే తెగుళ్ళున్నాయి. ఇక్కడ అవేవీ లేవు. మనిషి ఎత్తున పెరిగి, కాయ చిట్లి విత్తనాలు కొన్ని మీటర్ల దూరం చిమ్ముతూ, నదుల ఒడ్లన్నీ కమ్మేసింది. చలికాలంలో అది ఒక్కసారిగా చచ్చిపోతే ఒడ్డు బోసిపోయి మట్టి నీళ్ళలోకి జారుతుంది. ఇప్పుడు దాన్ని బయట నాటడం, వ్యాపించనివ్వడం చట్టప్రకారం నేరం. ఎదురు దిశలోనూ ఇదే జరిగింది. అమెరికా ఖండం నుంచి తోటల అందం కోసం ఇండియాకు వచ్చిన లంటానా మన అడవులను ఆక్రమించింది. ఊదారంగు పూల కోసం తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను, కొల్లేటిని కప్పేసింది. వీటన్నిటినీ మనుషులు చూసి ముచ్చటపడే తెచ్చారు. ఆ ముచ్చటలో పొరుగువాడి గురించిన ఆలోచన లేదు.

బాల్సమ్‌ను నేరస్తురాలిని చేసింది దాని పుట్టిన ఊరు కాదు. కొత్త చోట అది చుట్టూ ఉన్నవాటి చోటంతా తీసుకుంది. బంతి, లావెండర్, ఆపిల్ కూడా బయటివే. అవి ఉన్నచోట ఉండి, వచ్చినవాటికి పెట్టి, పక్కదాని చోటు పక్కదానికి వదిలాయి. రాయల్ హార్టికల్చరల్ సొసైటీవాళ్ళు విజ్లీలోని తమ తోటలో 2010 నుంచి నాలుగేళ్ళు మడులు వేసి దీన్నే పరీక్షించారు. ఈ దేశపు మొక్కలు, దగ్గరి ప్రాంతాల మొక్కలు, దూరదేశాల మొక్కలు వేర్వేరు మడుల్లో నాటి, ఏ పూలకు ఎన్ని పురుగులు వస్తున్నాయో లెక్కపెట్టారు. 2015లో ప్రచురించిన ఫలితం ప్రకారం దేశీ మొక్కలకు, దగ్గరి బంధువులకు ఎక్కువ వచ్చాయి. దూరదేశాల మొక్కలు ఆలస్యంగా పూసి, మిగతా పూలు అయిపోయాక తేనె అందించాయి. కాబట్టి దేశీ మొక్కలు ఎక్కువగా, బయటివి కొన్ని తోడుగా ఉన్న తోటే మేలని వాళ్ళ సలహా.

మన మనసుకూ ఈ సలహా సరిపోతుందనుకుంటాను. ఊరి పువ్వు కోసం తపించడం తప్పు కాదు. దానికి సాక్షి మనకు బాగా తెలిసిన ఒక దైవజనుడు, విలియం కేరీ. 1793లో బెంగాల్ చేరి, 1834లో శ్రీరాంపూర్‌లో కన్నుమూసేదాకా ఆయన ఒక్కసారి కూడా ఇంగ్లండ్ తిరిగి రాలేదు. ఆయన 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. 1818లో శ్రీరాంపూర్ ముద్రణాలయం నుంచి తెలుగు కొత్త నిబంధన వచ్చింది. ఆ పని మధ్యలోనే ఆయన పెద్ద తోట పెంచాడు, 1820లో ఇండియా వ్యవసాయ ఉద్యాన సంఘాన్ని స్థాపించాడు. ఒకసారి ఇంగ్లండ్ నుంచి విత్తనాల సంచి వచ్చింది. విత్తనాలు తీశాక ఖాళీ సంచిని ఒక నీడపట్టున దులిపాడు. కొన్నాళ్ళకు అక్కడ ఒక డెయిజీ మొలిచింది. మనం ఇక్కడ లాన్‌లో తొక్కుకుంటూ పోయే చిన్న తెల్లపువ్వు. ముప్ఫై ఏళ్ళకు పైగా చూడని ఆ పువ్వును చూసి తనకు కలిగిన ఆనందాన్ని ఆయన స్నేహితుడికి ఉత్తరంలో రాసుకున్నాడు.

మనకు మల్లె వాసన ఎలాంటిదో కేరీకి డెయిజీ అలాంటిది. ఆ బెంగ ఆయన విశ్వాసానికి లోటు కాలేదు. అయితే ఆయన ఆ బెంగతో ఆగిపోలేదన్నదే ముఖ్యం. చుట్టూ ఉన్న మొక్కలను, వాటి పేర్లను నేర్చుకున్నాడు. ఆయన స్నేహితుడు విలియం రాక్స్‌బరో అంతకుముందు మన సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించి, తెలుగు పేర్లతో సహా 1795 నుంచి లండన్‌లో ప్రచురించినవాడు. రాక్స్‌బరో పోయాక ఆయన గ్రంథం 'ఫ్లోరా ఇండికా'ను కేరీయే 1820లో అచ్చుకు తెచ్చాడు. మన తూర్పు కనుమల్లో పెరిగే ఒక చెట్టు శాస్త్రీయనామంలో కేరీ పేరు ఉంది: కేరియా అర్బోరియా. ఇంగ్లండ్ నుంచి వెళ్ళినవాళ్ళు మన చెట్ల పేర్లు నేర్చుకున్నారు. ఇక్కడికొచ్చిన మనం మన వీధి చివరి చెట్టు పేరైనా నేర్చుకున్నామా? ఏప్రిల్ చివర్లో మాంక్స్ వుడ్‌లో నేలంతా నీలంగా మార్చే బ్లూబెల్స్ చూడటానికి పిల్లలను తీసుకెళ్ళామా?

ప్రేమ ఉన్నప్పుడు కూడా నిగ్రహం కావాలి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో కరివేపాకు మొక్క, కనకాంబరం కొమ్మ, ఊరి విత్తనాల పొట్లం పెట్టుకోవడం మనలో మామూలే. ఫైటోశానిటరీ సర్టిఫికేట్ లేకుండా అలా తేవడానికి ఈ దేశపు చట్టం ఒప్పుకోదు. ఎవరూ పట్టుకోలేదు కదా అన్నది క్రైస్తవుడు ఆగవలసిన చోటు కాదు. ఆ చట్టం వెనక కారణముంది. తూర్పు ఆసియాలో అక్కడి చెట్లకు పెద్దగా హాని చేయని ఒక బూజు, దిగుమతి నారు వెంటా గాలి వెంటా ఈ దేశం చేరి, 2012లో మొదటిసారి బయటపడింది. ఇప్పుడు బ్రిటన్ అంతటా యాష్ చెట్లు దానివల్ల చచ్చిపోతున్నాయి. కంటికి కనపడని తెగులు ఒక చిన్న వేరులో ప్రయాణం చేస్తుంది. మన బెంగ తీర్చుకోవడానికి పొరుగువాడి అడవిని పణంగా పెట్టకూడదు. గోంగూర విత్తనాలు, కరివేపాకు మొక్కలు ఇక్కడి నర్సరీల్లో, అంగళ్ళలో సక్రమంగా దొరికేవి కొనుక్కోవచ్చు.

ఇంతవరకూ చెప్పుకున్నది పెరట్లో ఎలా కనిపిస్తుంది? లేవీయకాండము 19:9-10 ఒక దారి చూపుతుంది. పొలం కోసేటప్పుడు ఓరలు పూర్తిగా కోయవద్దని, రాలిన పరిగె ఏరవద్దని, అది బీదవారికీ పరదేశికీ విడిచిపెట్టమని దేవుడు ఆజ్ఞాపించాడు. రూతు అనే పరదేశి అలా విడిచిన పరిగెతోనే బతికింది. మన పెరట్లోనూ ఒక ఓర విడిచిపెడదాం.

మొదటి ఏడాది తొందరపడవద్దు. ఎండ ఎక్కడ పడుతుందో, నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో, ఏ పిట్టలు వస్తున్నాయో చూడండి. స్టీవెనేజ్‌లో చాలాచోట్ల సున్నపురాయి కలిసిన బంకమన్ను. మన రేగడిలాగే వానకు బూటుకు అంటుకుంటుంది, ఎండకు బీటలు వారుతుంది. తడిగా ఉన్నప్పుడు తొక్కి తవ్వితే ఇటుకలా గట్టిపడుతుంది, కాబట్టి ఆరనివ్వండి, పైన కంపోస్టు పరచండి. మన్నులో సున్నం ఉంది గనక కమీలియా, రోడోడెండ్రాన్ లాంటివి కావాలంటే కుండీలో పెట్టి వాననీళ్ళు పోయాలి. ఉన్న మన్నుకు నచ్చేదాన్ని నాటితే మందుల ఖర్చు, మనశ్శాంతి రెండూ మిగులుతాయి.

కంచె పొడవునా హాథార్న్, హాలీ, డాగ్ రోజ్, ఒక బక్‌థార్న్ నాటండి. నవంబర్ నుంచి మార్చి వరకు మట్టి లేకుండా వేళ్ళతో అమ్మే మొక్కలు చవకగా దొరుకుతాయి. అవి పెరిగాక మార్చి నుంచి ఆగస్టు వరకు కత్తిరించకండి, లోపల గూళ్ళుంటాయి. కంచె అడుగున పదమూడు సెంటీమీటర్ల చదరపు కన్నం ఒకటి వదిలితే హెడ్జ్‌హాగ్ ఒక పెరటి నుంచి ఇంకో పెరటికి వెళ్తుంది. చివరి మూలలో గడ్డిని, దురదగొండి లాంటి నెటిల్‌ను కొంత పెరగనివ్వండి. ఇంటి దగ్గర మీ మనసుకు నచ్చిన పూలు పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త: ముద్దబంతికీ రేకబంతికీ తేడా మన అమ్మమ్మలకు తెలుసు. ముద్దపువ్వులో రేకలు నిండిపోయి తేనెటీగకు దారి దొరకదు. గులాబీ అయినా డాలియా అయినా రేకపూల రకాలు తీసుకుంటే మన కన్నూ నిండుతుంది, దాని కడుపూ నిండుతుంది. బ్లూబెల్ దుంపలు కొనేటప్పుడు ఇంగ్లిష్ రకమా, స్పానిష్ రకమా అడగండి. రెండోది అడవి బ్లూబెల్‌తో కలిసిపోయి దాని వంశాన్ని పలచన చేస్తుంది. వంటింటి మడి మీ ఇష్టం. మంచు భయం పోయే మే మధ్య దాకా మిరప, టమాటా నారు బయట పెట్టకండి, కరివేపాకు కుండీని అక్టోబరులో ఇంట్లోకి తెచ్చుకోండి.

ముందు వైపు కారు కోసం స్లాబులు తప్పకపోవచ్చు. నీళ్ళు ఇంకే రకం వేసి, అంచున ఒక మొక్కకు చోటుంచండి. నీళ్ళు ఇంకని తలం అయిదు చదరపు మీటర్లు దాటి, ఆ వాననీరు రోడ్డు మీదికి పోయేలా ఉంటే 2008 నుంచి ఇంగ్లండ్‌లో అనుమతి తీసుకోవాలి. మన ఇంటి ముందు ఇంకని నీరు దిగువన ఎవరో ఒకరి ఇంటిలోకి పోతుందన్నది దాని సారం.

ఇక చివరి ప్రశ్న. అద్దె ఇల్లు, రెండేళ్ళ వీసా, నైట్ డ్యూటీలతో అలసిపోయిన ఒళ్ళు. ఇక్కడ చెట్టు ఎందుకు? ఈ మాట అనేవారిని ఎవరూ తప్పుపట్టలేరు. ఇలాంటి స్థితిలో ఉన్నవారికే యిర్మీయా 29లో దేవుడు ఉత్తరం రాయించాడు. బబులోనుకు చెరపట్టబడి, నేడో రేపో ఇంటికి పోతామని మూటలు విప్పకుండా కూర్చున్న జనానికి, ఇళ్ళు కట్టుకొని తోటలు నాటుకోమని, ఆ పరాయి పట్టణపు క్షేమం కోసం ప్రార్థించమని చెప్పాడు. ఆ పట్టణం బాగుంటేనే వాళ్ళూ బాగుంటారని కారణం కూడా చెప్పాడు.

అంతకంటే ముందే అబ్రాహాము ఉన్నాడు. ఆదికాండము 21:33-34 చూడండి. బెయేర్షెబాలో ఆయన ఒక పిచుల వృక్షం నాటి, అక్కడ నిత్యదేవుని పేరట ప్రార్థన చేశాడు. ఆ వెంటనే వచ్చే వచనం ఆయన ఫిలిష్తీయుల దేశంలో చాలా రోజులు పరదేశిగా ఉన్నాడంటుంది. ఆయన గుడారాల్లో ఉండేవాడు. భార్యను పాతిపెట్టడానికి మక్పేలా పొలం కొనేదాకా ఆ దేశంలో ఆయనకు సొంత భూమి లేదు. పిచుల వృక్షం తినే కాయలిచ్చేది కాదు, ఎండలో నీడనిచ్చేది. గుడారం ఎత్తేస్తే ఆ నీడ వెనక వచ్చినవాడిది. అయినా నాటాడు. నేల తనది కాదని తెలిసినవాడు, అది ఎవరిదో కూడా తెలిసినవాడు. లేవీయకాండము 25:23లో దేవుడు తన జనంతో అదే అంటాడు: భూమి నాది, మీరు నా దగ్గర కాపురమున్న పరదేశులు. ఆ లెక్కన తాతముత్తాతల నుంచి హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఉన్న కుటుంబమూ, నిరుడు హీత్రోలో దిగిన కుటుంబమూ ఒకే యజమానికి కౌలుదారులు.

కాబట్టి అద్దె ఇంట్లో ఉన్నా, ఇంటివారిని అడిగి ఒక్క హాథార్న్ మొక్క నాటండి. అది కూడా కుదరకపోతే కిటికీ ముందు కుండీలో రేకబంతి విత్తనాలు వేయండి. ఆ చెట్టు పూసే నాటికి మీరు మరో ఊళ్ళో ఉండవచ్చు. దాని నీడలో ఇంకెవరి పిల్లలో ఆడుకుంటారు, దాని కొమ్మల్లో ఏదో పిట్ట పిల్లలను పెంచుతుంది. మనకు ఈ పట్టణంలో నీడనిచ్చిన చెట్లు కూడా మన పేరు తెలియనివాళ్ళు నాటినవే.

మీ పెరటిని, మీ పొరుగువారిని, ఈ పట్టణాన్ని ప్రభువు దీవించును గాక. ఆమేన్.